బ్యూసింగెన్ జర్మనీదా, స్విట్జర్లాండ్‌దా?

బ్యూసింగెన్ జర్మనీ ఊరే, కాకపోతే దాని చుట్టూ ఉన్నదంతా స్విట్జర్లాండ్. రైన్ నది ఒడ్డున, స్విస్ పట్టణం షాఫ్‌హౌజెన్ పక్కన ఉంటుంది. విస్తీర్ణం 7.6 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 1,500. మిగతా జర్మనీ అతి దగ్గర చోట 700 మీటర్ల దూరంలోనే ఉంది.

దీనికి మూలం ఒక పాత పంతం. 1693లో ఈ ఊరి దొర ఎబర్‌హార్డ్ ఇమ్ థుర్న్‌ను సొంత బంధువులే ఎత్తుకెళ్లి షాఫ్‌హౌజెన్‌కు అప్పగించారు. అప్పట్లో ఊరిపై పెత్తనం ఆస్ట్రియాది. అది ఆ అవమానాన్ని మరచిపోలేదు. 1770లో పక్క గ్రామాలైన రామ్‌జెన్, డోర్‌ఫ్లింగెన్‌ల మీద హక్కులను జ్యూరిక్‌కు అమ్మింది గానీ, బ్యూసింగెన్‌ను మాత్రం వదల్లేదు. 1810లో ఊరు బాడెన్ అనే జర్మన్ రాజ్యం చేతికి వచ్చి, ఆ దారిన జర్మనీలో కలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఓటింగ్ పెడితే 96 శాతం మంది స్విట్జర్లాండే కావాలన్నారు. అయినా బదులుగా ఇవ్వడానికి తగిన భూమి కుదరక మార్పిడి జరగలేదు.

1967 నుంచి ఊరు స్విస్ కస్టమ్స్ పరిధిలో ఉంది. పిన్‌కోడ్‌లు కూడా రెండున్నాయి: జర్మనీ నుంచి ఉత్తరం రాస్తే 78266, స్విట్జర్లాండ్ నుంచైతే 8238. కొట్లలో ఎక్కువగా నడిచేది స్విస్ ఫ్రాంకే.

ఇదంతా చూసి చాలామంది ఊరు సగం స్విట్జర్లాండ్‌దే అనుకుంటారు. అది పొరపాటు. కస్టమ్స్ వేరు, పౌరసత్వం వేరు. ఇక్కడి జర్మన్లు ఓటు వేసేది జర్మనీ ఎన్నికల్లోనే, ఆదాయపు పన్ను కట్టేదీ (పాపం, ఖర్చులు స్విస్ ధరల్లో ఉన్నా) జర్మనీకే.