కిడ్నాపర్లకు చూపించడానికే ఆ పాస్‌పోర్టు అంటే కోర్టు నమ్ముతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. వెంచర్‌లో ప్లాటు కోసం ఒక పెద్ద వ్యాపారికి 11 లక్షలు కట్టాం. రిజిస్ట్రేషన్ చేయలేదు, డబ్బులూ తిరిగివ్వలేదు. మాలాగే మోసపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. కేసు పెడితే అరెస్టు చేశారు. ఇల్లు సోదా చేసినప్పుడు అతని ఫొటోతోనే, వేరే పేరుతో ఇంకో పాస్‌పోర్టు దొరికింది. గల్ఫ్‌లో వ్యాపారం చేసే రోజుల్లో కిడ్నాపర్ల భయంతో దగ్గర పెట్టుకున్నానని, ఎన్నడూ వాడలేదని, గడువు కూడా తీరిపోయిందని బెయిల్ పిటిషన్‌లో రాశారట. అమెరికాలో ఎప్‌స్టీన్ అనే కోటీశ్వరుడు కూడా ఇదే చెప్పాడని మా అబ్బాయి అంటున్నాడు. బెయిల్ ఇస్తే ఈయన దేశం దాటిపోడా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2019 జులైలో మైనర్ బాలికలపై లైంగిక నేరాల కేసులో జెఫ్రీ ఎప్‌స్టీన్‌ను అరెస్టు చేశాక న్యూయార్క్‌లోని అతని ఇంటి బీరువాలో నగదు, వజ్రాలతో పాటు ఒక పాత ఆస్ట్రియా పాస్‌పోర్టు దొరికింది. ఫొటో అతనిదే, పేరు వేరు, చిరునామా సౌదీ అరేబియా. 1980లలో విమానాల హైజాకింగ్‌లు ఎక్కువగా జరిగేవని, యూదుడైన ధనవంతుడు కాబట్టి ఆపద వస్తే హైజాకర్లకు, కిడ్నాపర్లకు చూపించడానికే దాన్ని తీసుకున్నాడని అతని లాయర్లు రాసిచ్చారు. వినడానికి కథ బాగానే ఉంది. కానీ ప్రాసిక్యూటర్లు పేజీలు తిప్పారు. ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్, సౌదీల్లోకి వెళ్లినట్టు స్టాంపులున్నాయని కోర్టుకు చెప్పారు. కిడ్నాపర్ తుపాకీ పెడతాడు గానీ స్టాంపు వేయడు కదా!

జులై 18న అతనికి బెయిల్ నిరాకరించారు. అయితే ఒక మాట. ఆ ఉత్తర్వులో మొదటి కారణం పాస్‌పోర్టు కాదు, అతను బయట ఉంటే ఇతరులకు ప్రమాదమన్నది. పారిపోతాడన్న అనుమానం దాని తర్వాతిది. మీ కేసులో కూడా ఒక్క పాస్‌పోర్టు మీదే ఆశంతా పెట్టుకోకండి.

మన దగ్గర బెయిల్ ఇవ్వడమే రివాజు, డబ్బున్నవాడైనా అంతే. కోర్టు ముఖ్యంగా మూడు చూస్తుంది: పారిపోతాడా, సాక్ష్యాలు చెరిపేస్తాడా, సాక్షులను బెదిరిస్తాడా. రెండో పేరుతో ఉన్న పాస్‌పోర్టు ఈ మూడింటిలో మొదటిదాన్ని గట్టిగా తాకుతుంది. గడువు తీరిన దానితో విమానం ఎక్కలేడన్నది నిజమే. కానీ ఒకసారి దొంగపేరుతో సంపాదించిన మనిషికి ఇంకోసారి సంపాదించే దారి తెలుసు. మీ వాదన అక్కడ ఉండాలి.

అందుకే ముందు పంచనామా, అంటే సోదాలో దొరికినవాటిని పోలీసులు రాసుకున్న కాగితం చూడండి. చాలాసార్లు 'నీలిరంగు అట్ట పాస్‌పోర్టు ఒకటి' అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. ప్రతి పేజీ జెరాక్స్ కోర్టు ముందుకు రావాలని పీపీ (ప్రభుత్వ లాయరు) గారిని అడగండి. వీసాలు, స్టాంపులు, వాటి తేదీలు అందులోనే ఉంటాయి. 'ఎన్నడూ వాడలేదు' అన్న మాట ఒక్క స్టాంపుతో కూలిపోతుంది. స్టాంపు లేకపోయినా ఆఖరి పేజీ చూడండి. తల్లిదండ్రుల పేర్లు, చాలా పుస్తకాల్లో చిరునామా కూడా అక్కడే ఉంటాయి. కిడ్నాపర్‌ను మోసం చేయడానికైతే పేరు మారిస్తే చాలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా మార్చి, వాటికి కాగితాలు పుట్టించి, పోలీసు వెరిఫికేషన్ కూడా దాటించాడంటే మోసపోయింది కిడ్నాపర్ కాదు, ప్రభుత్వం.

ఇలాంటివి మన వైపు కొత్తేమీ కాదు. అలంపూర్ దాటితే వచ్చే కర్నూలు చిరునామాతో, మారుపేరు మీద తీసుకున్న పాస్‌పోర్టు కేసులో నటి మోనికా బేడీకి హైదరాబాద్ సీబీఐ కోర్టు 2006లో శిక్ష వేసింది. 2010లో సుప్రీంకోర్టు ఆమె దోషి అన్న తీర్పును నిలబెట్టి, శిక్షను మాత్రం అప్పటికే జైల్లో గడిపిన కాలానికి తగ్గించింది.

శిక్షల సంగతి చెబితే మీకు కోపం రావచ్చు. తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకుంటే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 కింద గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా 5 వేల జరిమానా, లేదా రెండూ. పైగా సెక్షన్ 15 ప్రకారం ఈ కేసు కోర్టులో నడపాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ముందే ఉండాలి. ఆ కాగితం లేక కేసు నీరుగారిపోవచ్చు, కాబట్టి దర్యాప్తు అధికారికి ఇప్పుడే గుర్తు చేయండి. దొంగ కాగితాలు సృష్టించి ఉంటే ఫోర్జరీ సెక్షన్లు కూడా పడతాయి. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు జైలు ఉంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఏజెంటును నమ్మి, ఫొటో మార్చిన పాస్‌పోర్టుతో దొరికిపోయిన కూలీలను చూశాను. ఆ కాగితంలో ఏముందో కూడా వాళ్లకు తెలియదు. వాళ్ల కోసం హైజాకర్ల కథ రాసిపెట్టే లాయరు ఉండడు.

సరే, మీరు చేయాల్సింది చూద్దాం. బెయిల్ వాదనలో బాధితుల మాట వినాలని లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాయిదా లోపే మీ లాయరు ద్వారా అభ్యంతరం దాఖలు చేయండి. మనిషి దేశం దాటకుండా ఎయిర్‌పోర్టుల్లో ఆపమనే లుకౌట్ సర్క్యులర్‌ను మీరు నేరుగా ఇప్పించలేరు. జిల్లా ఎస్పీ గారికి అర్జీ పెట్టి, అందులో రెండు పేర్లు, రెండు పాస్‌పోర్టు నంబర్లు రాయండి. ఒకే పేరు మీద సర్క్యులర్ ఉంటే రెండో పేరు ఎయిర్‌పోర్టులో దర్జాగా నడిచిపోతుంది. అతని అసలు పేరు మీదున్న పాస్‌పోర్టును పోలీసులు సీజ్ చేయొచ్చు గానీ ఇంపౌండ్ చేసే (తమ దగ్గరే అట్టిపెట్టుకునే) అధికారం వాళ్లకు లేదు, అది పాస్‌పోర్టు అధికారులదని 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికి పోలీసుల నుంచి లేఖ వెళ్లిందో లేదో కనుక్కోండి.

అయినా బెయిల్ వస్తే రావచ్చు. అప్పుడు 'పాస్‌పోర్టు అప్పగించాలి' అన్న ఒక్క షరతుతో సరిపెట్టుకోకండి. ఏ పేరుతోనైనా, ఏ దేశానిదైనా తన దగ్గర ఇంకే పాస్‌పోర్టూ లేదని అఫిడవిట్ ఇవ్వాలని అడగండి. రేపు ఇంకోటి బయటపడితే బెయిల్ రద్దు చేయమనడానికి అదే ఆధారం.

లాయరు ఫీజు గురించి వెనకాడుతుంటే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నల్గొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, ప్లాటు అగ్రిమెంటు, మీరు డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్లండి.