ఆరు ఆవకాయల్లో ఎక్కువమందికి నచ్చిందేది?

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఆరు రకాలకీ పదికి ఇన్నని మార్కులు వేయించకు. ఒకరి ఏడూ ఇంకొకరి తొమ్మిదీ ఒకటే కావచ్చు. రెండేసి రుచి చూపించి, ఏది బాగుందో చెప్పమను, చాలు.

ఆరింటికి 15 జతలు. అన్నీ ఒక్కరికే పెడితే సగంలోనే నాలుక మొద్దుబారుతుంది. మూడు చీటీలు రాసుకో: 1-2-6-3-5-4, 2-3-1-4-6-5, 3-4-2-5-1-6. పక్కపక్క అంకెలే జత. చీటీకి ఐదు చొప్పున, ఏ జతా రెండోసారి రాకుండా 15 సరిపోతాయి. చీటీకి 20 మంది, మొత్తం 60. వాళ్లలో సగంమందికి జతలో రెండోదాన్ని ముందు పెట్టు. లేకపోతే ముందు తిన్నదానికి ఊరికే మొగ్గు వస్తుంది. నడుమ ఒట్టి అన్నం, మంచినీళ్లు.

లెక్కకి బ్రాడ్లీ, టెర్రీల 1952 నాటి పద్ధతి పట్టుకో. ఒక్కో రకానికీ ఒక బలం ఉంటుంది. గెలిచే అవకాశం అంటే తన బలాన్ని జతలోని రెండు బలాల మొత్తంతో భాగించడమే. మొదట అన్నిటికీ 1 వెయ్యి. ఒక రకం తన 100 పోటీల్లో 70 గెలిచిందనుకో. ప్రత్యర్థి ఒక్కొక్కదానికీ 20ని ఆ జత బలాల మొత్తం 2తో భాగిస్తే 10, ఐదింటికీ 50. 70ని 50తో భాగిస్తే కొత్త బలం 1.4. ఆరింటికీ ఇలా చేసి, సగటు 1కి సర్ది, అంకెలు కదలడం మానేదాకా తిప్పు. ఒకటి నూటికి నూరూ గెలిస్తే దాని బలం అంతులేకుండా పోతుంది. అప్పుడు ప్రతి జతలో రెండువైపులా అర గెలుపు కలుపు, 20 కాస్తా 21 అవుతుంది.

అసలు బోల్తా పడేది వెల్లుల్లి దగ్గర. సగంమంది పడిచచ్చి, సగంమంది ముట్టకపోతే 10-10 వస్తుంది. లెక్క మాత్రం "తేడా లేదు" అంటుంది! అందుకే వెల్లుల్లి తింటారో లేదో రుచికి ముందే రాయించుకో. రెండు గుంపులకీ విడిగా బలాలు కట్టు. లాగ్-లైక్లీహుడ్ అంటే వచ్చిన ప్రతి జవాబుకీ లెక్క ఇచ్చిన అవకాశానికి సహజ లాగరిథమ్ తీసి, అన్నీ కూడిన మొత్తం. రెండు గుంపులదీ కూడితే, అందరినీ కలిపి చేసినదానికంటే ఎంత పెరిగిందో చూసి రెట్టింపు చెయ్యి. అది 11.07 (గుంపుల మధ్య తేడా లేకపోతే నూటికి ఐదుసార్లే దాటే హద్దు) దాటితే "ఏకాభిప్రాయం" అని రాయకు, రెండు వరుసలూ విడిగా ఇవ్వు.

ఆ 11.07 జవాబులన్నీ దేనికది విడి అనుకుని కట్టింది. ఒక మనిషి ఐదు జవాబులూ చుట్టాలే కదా. కాబట్టి ఫలితం ఎంత గట్టిదో చూడ్డానికి జవాబుల్ని కాదు, మనుషుల్నే చీటీ తీసినట్టు మళ్లీ మళ్లీ 60 మందిని ఎంచు, వచ్చినవాళ్లే మళ్లీ రావచ్చు. 1000 సార్లు చెయ్యి. అందులో ఏ 300 సార్లో మొదటిదీ రెండోదీ తారుమారైతే, రెండింటినీ జంటగా మొదటి స్థానంలో వెయ్యి.

మీ పెదనాన్న