బతుకమ్మ పాటకు వీడియో తీయబోతున్న కోడలికి

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు.

పాట విన్నాను. ట్యూను, గొంతు రెండూ బాగా కుదిరాయి. ఈ ఉత్తరం నువ్వు రాసుకున్న షాట్ల జాబితా గురించి. తంగేడు అన్నచోట తంగేడు పువ్వు, చెరువు అన్నచోట చెరువు, అన్న అన్నచోట అన్న మొహం. ఇట్లా తీస్తే బాలశిక్షలో బొమ్మల పేజీ అవుతుంది బిడ్డా. రెండో చరణానికి వచ్చేసరికి తర్వాతి షాట్ ఏంటో చూసేవాళ్లే చెప్పేస్తారు.

పాటకు బొమ్మ మూడు తీర్ల తోడవుతుంది. మాట చెప్పిందే చూపించడం ఒకటి. మాట చెప్పకుండా వదిలేసింది చూపించి దాని బరువు పెంచడం ఇంకొకటి. మాట ఒకటి అంటుంటే బొమ్మ వేరే సంగతి చెప్పడం మూడోది. మూడూ పనికొచ్చేవే. ఏ పాదానికి ఏది అన్నది మాత్రం కెమెరా అద్దెకు తెచ్చుకోకముందే కాగితం మీద తేలిపోవాలి.

నీ పల్లవినే చూడు:

అన్న రాలేదాయె ఉయ్యాలో
పొద్దు వాలిపోయె ఉయ్యాలో

పాటలో ఇది నాలుగుసార్లు వస్తుంది. నువ్వు నాలుగుసార్లూ ఆడబిడ్డను గడపలో నిలబెట్టి దారి చూపించావు. మొదటిసారికి అదే సరైనది, ఎవరు ఎవరికోసం చూస్తున్నారో తెలియాలి కదా. రెండోసారి మనిషి వద్దు. సర్దిపెట్టిన బ్యాగు, దాని మీద మడత విప్పని చీర, అంతే. మూడోసారి అన్నను చూపించు, దుబాయిలో. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక. బతుకమ్మ రోజుల్లో ఇక్కడ ఆరింటికి పొద్దు గూకుతుంటే అక్కడ నాలుగున్నరే, ఎండ ఇంకా కాస్తూనే ఉంటుంది. ‘పొద్దు వాలిపోయె’ అన్న మాట మీద, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్న మొహం ఎండలో కనబడితే చాలు. అన్న ఎందుకు రాలేదో ఇంకో పాదం రాయనక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు వాళ్లకు అది చూడగానే తగులుతుంది. దీనికి ఎత్తైన మేడల స్టాక్ ఫుటేజీ కొనకు. మీ ఊరి దగ్గర కడుతున్న ఏ బిల్డింగులోనైనా సాయంత్రం నాలుగింటికి తీయొచ్చు, ఫ్రేములో తెలుగు బోర్డు, వేపచెట్టు పడకుండా చూసుకుంటే సరి. నాలుగోసారి ఆమె ఒక్కతే ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుట్టింటికి పోతుంటుంది, ఒళ్లో తంగేడు కట్ట. మాటలు అవే, కానీ ఆ చోట అది ఇక ఎదురుచూపు కాదు.

ఇక కథ నడవాల్సింది మాటల మీద కాదు, మాటలు లేనిచోట. డప్పు, ఫ్లూటు మాత్రమే ఉన్న బిట్లలో చెవి ఖాళీగా ఉంటుంది, కన్ను పనిచేస్తుంది. ఫోన్ రావడం, చీర బ్యాగులో పెట్టడం, బస్సెక్కడం, ఇవన్నీ అక్కడ పెట్టు. పదాలు చిక్కగా ఉన్న పాదం మీద పెద్ద సంఘటన పెడితే చూసేవాళ్లకు మాటో, బొమ్మో ఒకటి జారిపోతుంది. అట్లాంటి పాదానికి కదలని షాట్ ఒక్కటి, పాడేవాళ్ల మొహం అయితే ఇంకా మంచిది. వత్తి పలికే ‘ఉయ్యాలో’కు అర్థం వెతకకు. అది గుంపు గొంతు కాబట్టి గుంపు చేతులకు ఇవ్వు, వలయంగా తిరుగుతూ కొట్టే చప్పట్లకు. అయితే ప్రతి ‘ఉయ్యాలో’కు అక్కడికి కట్ చేయకు. వరుసగా నాలుగు వస్తే ఒకటో రెండో చాలు.

పాటలో పేరు వచ్చి, చూపించక తప్పని వస్తువులు కొన్ని ఉంటాయి. వాటిని మాటకన్నా ముందు తేవద్దు, సరిగ్గా మాట మీద కూడా వద్దు. మాట పలికి ఒక బీటు, అంటే తాళంలో ఒక దెబ్బ, గడిచాక రానీ. అప్పటికి వినేవాళ్ల మనసులో వాళ్ల బొమ్మ ఒకటి లేచి ఉంటుంది, నీది వచ్చి దాన్ని కలుసుకుంటుంది.

లెక్కలు కూడా రాస్తున్నాను. నీ పాట నిమిషానికి 96 బీట్లు, అంటే బీటుకు 0.625 సెకను. సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో, తీస్తే ఒక్కో బీటు సరిగ్గా 15 ఫ్రేములు. 25తో తీస్తే 15.6 వస్తుంది, కట్ బీటు మీద కూర్చోదు. చాలా కెమెరాల్లో 24 అని చూపించేది నిజానికి 23.976. ఫ్రేములు లెక్కపెట్టి, ఎక్కడ కట్ చేయాలో ఎడిటింగులో గుర్తులు (మార్కర్లు) వేసుకుంటూ పోతే నాలుగు నిమిషాల పాట చివర దాదాపు ఆరు ఫ్రేముల తేడా పడుతుంది, అందుకే ప్రతి చరణం మొదట్లో చెవితో విని సరిచేసుకో. ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, 1/50 సెకను పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వెలుగు కొట్టుకోదు.

స్లో మోషన్‌లో పెదాలు పాటతో కలవాలంటే షూటింగులో పాటను వేగంగా వాయించాలి. 48 ఫ్రేములతో తీస్తే రెట్టింపు వేగం. ఆ వేగంలో నీ సాహిత్యం నోరు తిరగదు, మొహం బిగుసుకుపోతుంది. 30తో తీసి పాటను 1.25 రెట్లు వాయించు, షట్టర్ 1/50 ఉండనీ. అదే 24లో ఆడిస్తే నడక కొంచెం తేలినట్టు ఉంటుంది, పెదాలూ కలుస్తాయి.

బతుకమ్మ ఆటలో పెదాలకన్నా చప్పట్లే ముందు పట్టిస్తాయి. రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా చెయ్యి తగలడం, చప్పుడు రావడం విడివిడిగా తెలిసిపోతాయి. స్పీకర్ ఆడేవాళ్లకు దగ్గర పెట్టు. శబ్దం ఒక ఫ్రేము కాలంలో పోయేది సుమారు 14 మీటర్లే, చెరువు గట్టు మీద స్పీకర్ ముప్పై మీటర్ల దూరంలో ఉంటే చప్పట్లు రెండు ఫ్రేములు ఆలస్యమవుతాయి. ఎడిటింగులో సౌండ్ వేవ్ (తెర మీద కనబడే చప్పుడు గీత) కలిపి వదిలేయకు, అరచేతులు తగిలిన ఫ్రేము చూసి కలుపు. పల్లవి, చరణాలు వేరువేరు ఫైళ్లు చేసుకుని ప్రతిదాని ముందు తాళం అందించే నాలుగు క్లిక్కులు పెట్టు, లేకపోతే మొదటి చప్పట్టు ఎప్పుడూ చెడుతుంది.

బతుకమ్మను పేర్చే షాట్లు పొద్దున్నే తీసెయ్. తంగేడు ఎండకు తొందరగా వాడుతుంది. సాయంత్రం ఆటకు ఇంకోటి పేర్పించు, కాకపోతే గునుగు, బంతి, తంగేడు ఏ వరసలో ఉన్నాయో పొద్దున ఫోటో తీసి పెట్టుకో. కింద గుమ్మడాకులు కూడా మర్చిపోకండి, క్లోజప్‌లో పళ్లెం అంచు నుంచి కనబడతాయి. పూల వరస మారితే మన ఆడవాళ్లు మొదటిసారి చూడగానే పట్టేస్తారు.

రఫ్ కట్ (షాట్లన్నీ మొదటిసారి వరసగా కూర్చడం) అయ్యాక, పాట వినని వాళ్లు ఎవరికైనా సౌండ్ తీసేసి చూపించు. వాళ్లు చెప్పిన కథ నీ పాటలోని మాటలే అయితే బొమ్మ ఏమీ కలపలేదన్నట్టు. అసలేమీ చెప్పలేకపోతే బిట్లలో కథ నడవలేదన్నట్టు, అక్కడే సరిచెయ్.

ముందు పాట మొత్తం పాదం పాదంగా రాసి, పక్కన టైము, దాని పక్కన బొమ్మ రాసి పంపు. షూటింగ్ తేదీ మాత్రం మీ దిక్కు తంగేడు పూత చూసుకున్నాకే పెట్టుకో.

ఇట్లు,
మామయ్య