మందు కొట్టే ఆన్-2 విమానంతో నిజంగా యుద్ధం చేశారా? రాడార్‌కి కనపడదా?

పొలాల్లో మందు కొట్టే ఆన్-2తో బాంబులేశారని, గుడ్డతో చేసింది కాబట్టి అది రాడార్‌కి దొరకదని ఎక్కడో చదివి, నిజమేనా అని అడిగారు. మొదటిది నిజమే. రెండోది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ విమానాన్ని నేను చేత్తో తట్టి చూశాను.

రష్యాలో ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉండగా రూమ్మేట్ పోరు పడలేక ఊరి బయట ఏరోక్లబ్‌కి పారాచూట్ దూకడానికి వెళ్లాను. గడ్డి మైదానంలో పాత పల్లెవెలుగు బస్సుకి పైనా కిందా రెక్కలు బిగించినట్టు నిలబడి ఉంది. ఒళ్లు మీద తడితే ఠంగుమంది, మొత్తం రేకే. కింది రెక్క వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే మాత్రం డప్పు మీద నొక్కినట్టు కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. గుడ్డ ఉండేది రెక్కలకీ తోకకీ, అంతే. అంత రేకు, ముందు నాలుగు ఆకుల ప్రొపెల్లర్ పెట్టుకుని రాడార్‌కి కనపడకపోవడమేంటి? కాకపోతే కొండల చాటున, చెట్ల ఎత్తులో, నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి దాన్ని నేల నుంచి విడదీసి పట్టుకోవడం కష్టం, ఆ మాట పెరిగి పెరిగి "కనపడదు" అయింది.

సోవియట్ ఇంజనీర్ ఒలెగ్ ఆంటొనోవ్ డిజైన్ చేసిన ఈ విమానం మొదట ఎగిరింది 1947లో. 9 సిలిండర్లు, 1000 హార్స్‌పవర్ ఇంజిన్, 12 మంది పడతారు. మాకు ముందు బ్యాచ్‌ని దూకించి దిగడానికొస్తుంటే కింద నుంచి చూశాను, వేగం తగ్గేసరికి పై రెక్క ముందంచు పలకలు వాటంతట అవే బయటికొచ్చాయి, దాంతో అది పడిపోకుండా తేలుతూ వచ్చి ఇంత చోటులో ఆగిపోయింది. రన్‌వే అక్కర్లేదు, పొలం గట్టు పక్కన కాస్త చదును ఉంటే చాలు. యుద్ధంలో దీని మీద కళ్లు పడటానికి కారణం ఈ గుణమే.

బాంబుల సంగతికొస్తే, బాగా తెలిసిన కథ వియత్నాం యుద్ధం నాటి లావోస్‌ది. ఫూ ఫా థీ అనే కొండ మీద అమెరికన్లు రహస్యంగా రాడార్ పెట్టి, ఉత్తర వియత్నాం మీద బాంబులేసే తమ విమానాలకి అక్కణ్నుంచి దారి చూపించేవాళ్లు. 1968 జనవరి 12న ఉత్తర వియత్నాం వాళ్లు ఆన్-2లతో ఆ కొండ మీదికొచ్చారు. రెక్కల కింద రాకెట్లు, లోపల నేలకి గొట్టాలు పెట్టి వాటిలోంచి మోర్టార్ గుండ్లు జారవిడవడం, అదీ ఏర్పాటు. అప్పుడు ఎయిర్ అమెరికా (సీఐఏ రహస్యంగా నడిపిన విమాన సంస్థ) హెలికాప్టర్ ఒకటి వెంటపడింది (హెలికాప్టర్ విమానాన్ని తరమడమేంటి అనుకుంటారు, కానీ ఆన్-2 వేగం అలాంటిది మరి), అందులోని మెకానిక్ తలుపు దగ్గర కూర్చుని ఏకే-47తో కాల్చాడు. రెండు ఆన్-2లు కూలిపోయాయి. రాడార్‌కి పెద్దగా ఏమీ కాలేదు. ఆ కొండ పడిపోయింది మార్చిలో, అదీ కాలినడకన ఎక్కి వచ్చిన సైనికుల చేతిలో.

1991లో యుగోస్లావియా నుంచి విడిపోయే యుద్ధంలో క్రొయేషియా వాళ్లకి యుద్ధ విమానాలు లేక, మందు కొట్టే ఆన్-2లనే రాత్రిళ్లు ముట్టడిలో ఉన్న వుకోవార్ పట్టణం వైపు పంపారు. బాంబులు కూడా సొంతంగా చేసుకున్నవే. డిసెంబర్‌లో ఒకదాన్ని క్షిపణితో కూల్చేస్తే నలుగురు సిబ్బందీ చనిపోయారు. గత్యంతరం లేక చేసిన పని అది, నాకు అందులో గొప్ప వ్యూహమేమీ కనపడదు.

తెలివిగా వాడింది అజర్‌బైజాన్ అని నా అభిప్రాయం. 2020 కారబాఖ్ యుద్ధంలో పాత ఆన్-2లని మనుషులు లేకుండా ఎరగా పంపారు. కింద ఆర్మేనియా వాళ్లు వాటిని కాల్చగానే ఎక్కణ్నుంచి కాల్చారో తెలిసిపోయేది, అప్పుడు పైన తిరిగే డ్రోన్లు ఆ చోటుని కొట్టేవి. నెమ్మదిగా పోవడం, ఈజీగా తగలడం, ఈ రెండూ ఇక్కడ పనికొచ్చాయి.

అలా ఒక ఆన్-2 కూలుతున్న వీడియో ఫోన్‌లో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది లోపలి బెంచీ. గోడ వారగా రేకు బెంచీ, దాని అదురుకి పళ్లు టకటకమంటాయి, పెట్రోల్ వాసన, పక్కవాడు అరిచినా వినపడదు. 800 మీటర్లకి రాగానే ఇన్‌స్ట్రక్టర్ మా పారాచూట్ తాళ్లు పైన తీగకి తగిలించాడు, తలుపు తీసి "పషోల్!" (పో!) అని భుజం మీద చరిచాడు. నేను కదల్లేదు. రెండోసారి చరచలేదు, తోసేశాడు.