ఓడ ఓనరు ఒకరైతే ఉద్యోగం ఇంకో కంపెనీ ఇస్తోంది, నమ్మొచ్చా?

ముత్తుకూరు నుంచి అడిగారు: తమ్ముడికి బొగ్గు ఓడలో ఉద్యోగం వచ్చింది, కానీ ఓనరు, ఓడ జెండా, ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ మూడూ మూడు దేశాలవి, మోసమేమో అని. కృష్ణపట్నం వచ్చే ఓడల్లో ఇది మామూలే. ఓడ కొన్నవాళ్లు దాన్ని నడిపే పనిని మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తారు. ఒప్పందం ఎక్కువగా బిమ్కో (ఓడల కంపెనీల అంతర్జాతీయ సంఘం) వాళ్ల ‘షిప్‌మ్యాన్’ నమూనాలో ఉంటుంది. ఖర్చులకు డబ్బు ఓనరు పంపుతాడు, కంపెనీకి మిగిలేది దాని ఫీజు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

పెద్ద పని టెక్నికల్ మేనేజ్‌మెంట్. రిపేర్లు, సర్వేలు, డ్రైడాక్ (ఓడని నీళ్లలోంచి బయటికి తెచ్చి చేసే పని) అన్నీ ఇందులోకే వస్తాయి. ఓడ అడుగుభాగాన్ని 5 ఏళ్లలో రెండుసార్లు తనిఖీ చేయించాలి, మధ్యలో 36 నెలలు దాటకూడదు. ఐఎస్ఎం కోడ్ (ఓడల భద్రతకి అంతర్జాతీయ నియమాలు) ప్రకారం ఇచ్చే డాక్యుమెంట్ ఆఫ్ కంప్లయెన్స్ అనే సర్టిఫికెట్ కూడా ఈ కంపెనీ పేరు మీదే ఉంటుంది. అంటే భద్రతకు జవాబు చెప్పాల్సింది ఇదే.

స్పేర్లు తెప్పించడం బయటికి చిన్నగా కనిపిస్తుంది గానీ ఎక్కువ తలనొప్పి అక్కడే. ప్యూరిఫయర్ (ఆయిల్‌ని గిర్రున తిప్పి నీళ్లు, మడ్డి వేరుచేసే మెషీన్) సీల్ రింగుల సెట్టు కావాలనుకోండి. చీఫ్ ఇంజనీరు మేకరు, మోడల్, మెషీన్ సీరియల్ నంబరు, పార్ట్ నంబరు, స్టోర్‌లో ఎన్ని మిగిలాయో రాసి ఇండెంట్ పెడతాడు. ఆఫీసులో సూపరింటెండెంట్ చూసి కొటేషన్లు తెప్పిస్తాడు, బడ్జెట్ దాటితే ఓనరు ఒప్పుకోవాలి. సరుకు చెన్నై ఎయిర్‌పోర్టులో దిగాక ఏజెంటు రోడ్డు మీద రేవుకు తెస్తాడు. సీరియల్ నంబరు రాయకపోతే అదే మోడల్‌లో వేరే సిరీస్ రింగు వస్తుంది. అది బిగిస్తే మెషీన్ లోపల తిరిగే బౌల్ సరిగా మూసుకోదు, ఆయిలంతా మడ్డి చేరే స్లడ్జ్ ట్యాంకులోకి పోతుంది. పెట్టె మీద, ఇన్‌వాయిస్‌లో ఓడ పేరుతో ‘షిప్ స్పేర్స్ ఇన్ ట్రాన్సిట్’ అని లేకపోతే కస్టమ్స్‌లో మామూలు దిగుమతిలా ఆగిపోతుంది. ఈలోగా ఓడ బొగ్గు దించేసి వెళ్లిపోతుంది.

క్రూ మేనేజ్‌మెంట్ అంటే మెడికల్, వీసా, టికెట్లు, జీతాలు, టైముకి రిలీవర్‌ని (దిగేవాళ్ల బదులు ఎక్కే మనిషిని) పంపడం. కొన్ని కంపెనీలు ఇదొక్కటే చేస్తాయి. ఓడకి సరుకు మాట్లాడటం చాలాసార్లు ఓనరు దగ్గరే ఉంటుంది.

ఇక తమ్ముడి సంగతి. మన దేశంలో సీమెన్‌ని చేర్చుకునే కంపెనీకి డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ అనే నియామకాల లైసెన్సు ఉండాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటో నమ్మకుండా ఆ నంబరును డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఎంఎల్‌సీ 2006 (సీమెన్ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ (సీమన్ గుర్తింపు పుస్తకం), మెడికల్ ఖర్చు మీది, వీసా ఖర్చు ఓనరుది. ‘జాయినింగ్ చార్జీ’ అని లక్షలు అడిగితే అక్కడే ఆపేయండి.

ఎంప్లాయిమెంట్ అగ్రిమెంట్‌లో షిప్ ఓనర్ అన్న గడిలో ఎవరి పేరుందో తప్పకుండా చదవండి. కంపెనీ కేవలం ఏజెంటుగా సంతకం పెట్టి ఉంటే జీతం బాధ్యత ఆ గడిలో ఉన్నవాళ్లదే. ఓనరు డబ్బు ఆపితే ముందు స్పేర్లు ఆగుతాయి, తర్వాత తిండి సామాన్లు, ఆ తర్వాత జీతాలు. 2 నెలల జీతం రాకపోతే ఎంఎల్‌సీ లెక్కలో అది ఓడను వదిలేసినట్టే. అప్పుడు బీమా వాళ్లు 4 నెలల వరకు బాకీ జీతం, ఇంటికి చేరే ఖర్చు ఇవ్వాలి. ఆ బీమా సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. ఎక్కిన రోజే దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపమని తమ్ముడికి చెప్పండి, సంతకాలు పెట్టిన అగ్రిమెంట్ కాపీ ఒకటి మీ దగ్గరా ఉంచుకోండి.