జబ్బు ముదిరితే పరిహారం మళ్లీ అడగొచ్చా?

ప్రశ్న: మేం ఆస్ట్రేలియాలో ఉంటాం. మా వారు ఇక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖలో పనిచేసేవారు. పైఅధికారి వేధింపులతో డిప్రెషన్ వచ్చింది. అది ఉద్యోగం వల్లే వచ్చిందని, ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పరిహారం చూసే సంస్థ కామ్‌కేర్ ఒప్పుకుని, కొన్నేళ్ల క్రితం 10 శాతం శాశ్వత వైకల్యం కింద డబ్బు కూడా ఇచ్చింది. ఇప్పుడు ఆయన అప్పటికంటే బాగా దిగజారిపోయారు. నేను వెంటపడితే తప్ప స్నానం చేయరు, మందులు వేసుకోరు. డాక్టరు గారేమో మళ్లీ అప్లై చేయమంటున్నారు, తెలిసినవాళ్లేమో ఒకసారి తీసుకున్నాక ఇంకేం రాదంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, డాక్టరు గారు చెప్పిందే నిజం, మళ్లీ అడగొచ్చు. కాకపోతే ముందు ఆ పాత ఉత్తరం బయటికి తీసి, అందులో రాసింది తుది నిర్ణయమా, మధ్యంతర చెల్లింపా అన్నది చూడండి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మధ్యంతరం అయితే తుది లెక్క తేలాక మిగిలిన తేడా ఇస్తారు. తుది నిర్ణయం అయితే మాత్రం 1988 నాటి సేఫ్టీ, రీహాబిలిటేషన్ అండ్ కాంపెన్సేషన్ చట్టంలోని సెక్షన్ 25 అడ్డొస్తుంది. వైకల్యం మరో 10 శాతమో అంతకంటే ఎక్కువో పెరిగితేనే అదనపు డబ్బు. మీ వారిది అప్పుడు 10 కాబట్టి ఇప్పుడు 20కి చేరాలి. 15 అని తేలితే, ఆరోగ్యం చెడిందని అందరూ ఒప్పుకున్నా సరే, ఆ పద్దు కింద ఏమీ రాదు. మానసిక జబ్బుల విషయంలో ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ చట్టం అలాగే ఉంది.

ఈ శాతం ఎలా వేస్తారన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఉద్యోగం చేయలేకపోతున్నారు కాబట్టి శాతం పెరగాలి అనుకుంటారు. కామ్‌కేర్ వాడే గైడ్‌లోని మానసిక జబ్బుల పట్టిక చూసేది ఉద్యోగాన్ని కాదు, రోజువారీ బతుకుని. తన పనులు తాను చేసుకుంటున్నారా, ఇంకొకరు చెప్పాల్సి వస్తోందా, పక్కన ఉండి చూసుకోవాల్సి వస్తోందా అన్నది ముఖ్యం. ఎన్ని లక్షణాలున్నా ఎవరి సాయమూ లేకుండా పనులు చేసుకోగలిగితే 10 దాటడం కష్టం, పర్యవేక్షణ అవసరమైతేనే పై మెట్లు మొదలవుతాయి. అందుకే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది స్నానం, మందుల మాట. అది మీరు ఏదో మాటవరసకి రాసి ఉంటారు గానీ, కేసుకి అదే ప్రాణం.

కాబట్టి ఈరోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ రోజు ఏ పనికి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎక్కడికి ఒంటరిగా పంపలేకపోయారు, ఎప్పుడు కోపంతో ఊగిపోయారు, ఎన్నాళ్లు గదిలోంచి బయటికి రాలేదు, ఇవన్నీ తేదీలతో రాయండి. మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా అవి చెప్పి, ఆయన ఫైల్లో కూడా రాయించండి. అసెస్‌మెంట్ రోజున మీరూ వెంట వెళ్లండి. మనవాళ్లు కొత్త డాక్టరు ఎదుట శుభ్రంగా తయారై, ఎలా ఉన్నారంటే "బాగానే ఉన్నానండీ" అనేస్తారు. పరువు పోతుందనో, పిచ్చివాడనుకుంటారనో. ఆ ఒక్క మాట రిపోర్టులోకి ఎక్కితే తర్వాత దాన్ని చెరపడం చాలా కష్టం. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆయనకి ముందే నెమ్మదిగా నచ్చజెప్పండి. లేనిది కలపొద్దు, ఉన్నది దాచొద్దు.

శాశ్వతం అనడానికి కూడా కొలతలున్నాయి. ఎంతకాలంగా ఉంది, బాగుపడే అవకాశం ఎంత, చేయించదగిన వైద్యం, పునరావాసం అన్నీ అయ్యాయా అని చూస్తారు. డాక్టరు సూచించిన మందో థెరపీయో మధ్యలో ఆపేసి ఉంటే ఎందుకు ఆపారో, పడక ఆపారో భయపడి ఆపారో, ఫైల్లో ఉండాలి. లేకపోతే ఇంకా వైద్యం మిగిలే ఉందిగా అంటారు.

ఇంకో మెలిక కూడా ఉంది. పెరిగిన వైకల్యం ఆ పాత జబ్బు వల్లే అని సైకియాట్రిస్ట్ కారణాలతో సహా రాయాలి. మధ్యలో ఇంట్లో చావో, మరో పెద్ద దెబ్బో తగిలి ఉంటే దాన్ని దాచకుండా, దాని పాలెంతో కూడా ఆయన్నే తేల్చమనండి. పాత జబ్బు ముదరడం కాకుండా దానివల్ల వేరే కొత్త జబ్బు పుట్టి ఉంటే దారి మారిపోతుంది. క్యానూట్ అనే ఆయనకి వెన్ను దెబ్బ తర్వాత మానసిక జబ్బు వచ్చింది. అది వేరే గాయమని, దాన్ని విడిగానే కొలవాలని 2006లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) తేల్చింది. అలాంటప్పుడు పాత శాతానికి ఇంకో 10 కలవాలన్న షరతు ఉండదు, ఆ కొత్త జబ్బు తనంతట తాను 10 శాతం ఉంటే చాలు. మీ వారి విషయంలో డయాగ్నసిస్ మారిందా అని డాక్టరుని సూటిగా అడగండి.

కామ్‌కేర్ కాదంటే కంగారుపడకండి. నిర్ణయం అందిన 30 రోజుల్లో పునఃపరిశీలన కోరాలి, అక్కడా కాదంటే 60 రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. పాత అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్ (ఏఏటీ) స్థానంలో 2024 అక్టోబరు 14 నుంచి ఉన్నది ఇదే. గడువు దాటకముందే ఈ చట్టం తెలిసిన లాయరుకి కాగితాలన్నీ చూపించండి. రాష్ట్రాల పథకాల లెక్కలు వేరు కాబట్టి, అక్కడ పనిచేసిన స్నేహితుల అనుభవాన్ని మీకు అన్వయించుకోకండి.

మీరు అడగలేదు గానీ, ఈ ఏకమొత్తం వేరు, వైద్యం ఖర్చులు, జీతం బదులు వచ్చే వారపు చెల్లింపులు వేరు. ఇది రాకపోయినా అంతమాత్రాన అవి ఆగిపోవు. అలాగే సెక్షన్ 29 కింద ఇంటిపనికీ, మనిషిని దగ్గరుండి చూసుకోవడానికీ అయ్యే ఖర్చు అడగొచ్చు. ఇన్నాళ్లూ ఆ భారమంతా మీరొక్కరే మోస్తున్నట్టున్నారు, దానికి కూడా డాక్టరు చేత సిఫార్సు రాయించి, విడిగా ఒక దరఖాస్తు పెట్టండి.