ఇంట్లో కనిపించే ఫొటోలు సైట్‌లో ఎందుకు రావు?

ప్రశ్న: మాది అనంతపురం. కట్టె గానుగలో శెనక్కాయ నూనె తీసి అమ్ముతాం. సైట్ చేసిచ్చిన అబ్బాయి ధర మార్చాలన్నా 500 రూపాయలు అడుగుతుంటే, వీడియోలు చూసి నేర్చుకుని నేనే ఆరు పేజీలు కొత్తగా చేశాను. ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా సాఫ్ట్‌వేర్‌తో ఇంటి నుంచి సర్వర్‌కు పంపుతుంటే ఒక్కోసారి లాగిన్ అయ్యి, ఫోల్డర్ల లిస్టు రాకుండా ఆగిపోతుంది. పంపడం కుదిరిన రోజున పేజీలు వస్తాయి, ఫొటోలు రావు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం అన్నీ చక్కగా ఉన్నాయి. సైట్‌కు సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ వాళ్లను అడిగితే ‘మా వైపు అంతా బాగుంది’ అంటున్నారు. మొదటి పేజీనీ, మా 60 ఫొటోల జాబితానూ జతచేశాను. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, హోస్టింగ్ వాళ్లు ఆ మాట ఎప్పుడూ అంటారు కానీ ఈసారి నిజమే చెప్పారు. మీరు జతచేసిన పేజీ తెరిచి చూశాను. ఫొటో రావాల్సిన చోట సీ డ్రైవ్, యూజర్స్, డెస్క్‌టాప్, గానుగ ఫొటోలు అంటూ మీ ఇంటి కంప్యూటర్ దారి రాసి ఉంది. మీరు ల్యాప్‌టాప్‌లో ఉన్న పేజీని తెరిచి చూసినప్పుడు బ్రౌజర్ ఆ ఫొటోను సర్వర్ నుంచి కాదు, మీ డిస్క్‌లోంచే తెచ్చి చూపిస్తోంది. కళ్యాణదుర్గంలో ఫోన్ పట్టుకున్న కస్టమర్‌కు మీ సీ డ్రైవ్ ఎక్కడిది? దారి అంతా తీసేసి ఫోల్డర్ పేరు, గీత, ఫైల్ పేరు, అంతే రాయండి. గీత కూడా విండోస్ వేసే వెనక్కి వాలిన గీత (\) కాదు, ముందుకు వాలిన గీత (/).

అది సరిచేసినా సగం ఫొటోలే వస్తాయి, నాకు తెలుసు. ఎందుకంటే మీ ఫోన్ పెట్టిన పేర్ల చివర జేపీజీ అన్నది క్యాపిటల్ అక్షరాల్లో ఉంది, పేజీలో మీరు స్మాల్ అక్షరాల్లో రాశారు. విండోస్‌కు రెండూ ఒకటే. హోస్టింగ్ సర్వర్లు చాలావరకు విండోస్ మీద కాదు, లైనక్స్ అనే మరో సిస్టమ్ మీద నడుస్తాయి, లైనక్స్‌కు అవి రెండు వేరువేరు ఫైళ్లు. కొన్ని పేర్లలో ఖాళీలు ఉన్నాయి, ఒకటి ఏకంగా తెలుగులోనే ఉంది. తెలుగంటే నాకూ అభిమానమే, కానీ ఫైల్ పేర్ల దగ్గర వద్దమ్మా. పేజీలో తెలుగు ఎంతైనా రాయండి, ఫైళ్లకు మాత్రం ఇంగ్లిష్ స్మాల్ అక్షరాలు, అంకెలు, ఖాళీ ఉన్న చోట చిన్న అడ్డగీత చాలు. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పూర్తిగా స్మాల్ అక్షరాల్లో ఉండాలి. మీరు మొదటి అక్షరం క్యాపిటల్ పెట్టారు. ఇప్పుడు సైట్ తెరిస్తే మీ కొత్త పేజీకి బదులు ఆ అబ్బాయి చేసిన పాత మొదటి పేజీ వస్తుంటే కారణం అదే.

ఇక లిస్టు రాకుండా ఆగిపోవడం. ఫైల్‌జిల్లా మీ ఫైళ్లను పంపే పద్ధతి పేరు ఎఫ్‌టీపీ, అది ఒక్క కనెక్షన్‌తో పని చేయదు. పోర్టు 21, అంటే సర్వర్‌కున్న 21వ నంబరు తలుపు మీద మాటలు నడుస్తాయి, లిస్టులూ ఫైళ్లూ రావడానికి ఇంకో కనెక్షన్ విడిగా తెరుచుకుంటుంది. యాక్టివ్ పద్ధతిలో ఆ రెండోదాన్ని సర్వరే మీ కంప్యూటర్ వైపు తెరవాలి. అపార్ట్‌మెంట్‌కు కొత్త మనిషి వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపినట్టు, మీ రౌటర్ దాన్ని ఆపేస్తుంది. లాగిన్ అయ్యాక నిలబడిపోయేది అక్కడే. ఫైల్‌జిల్లా సెట్టింగుల్లో పాసివ్ అని ఎంచుకుంటే రెండో కనెక్షన్ కూడా మీ వైపు నుంచే వెళ్తుంది. ఒకరోజు పనిచేసి ఇంకోరోజు ఆగుతోందన్నారు కదా, ఇంటి నెట్ బదులు ఫోన్ హాట్‌స్పాట్ వాడిన రోజులు ఏవో ఒకసారి గుర్తు చేసుకోండి.

నన్నడిగితే పాసివ్ దాకా కూడా పోవద్దు, ఎస్‌ఎఫ్‌టీపీకి మారండి. ఎఫ్‌టీపీ చాలా పాతది. అలహాబాద్‌లో పుట్టి కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో దాని మొదటి రూపం రాశారు. అప్పటికి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని యూనివర్సిటీల, పరిశోధన సంస్థల కంప్యూటర్లే, దొంగల భయం లేదు. అందుకే పాస్‌వర్డ్ దాచకుండా ఉన్నదున్నట్టు పోతుంది, ఇవాళ్టికీ అంతే. దారిలో ఎవరు విన్నా దొరికిపోతుంది. అన్నీ రహస్యలిపిలో దాచి పంపే ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతి 1995లో ఫిన్లాండ్‌లో పుట్టిందే పాస్‌వర్డ్‌ల దొంగతనం చూసి. ఎస్‌ఎఫ్‌టీపీ దాని మీదే నడుస్తుంది, ఒకే కనెక్షన్, సాధారణంగా పోర్టు 22. రెండో తలుపు గొడవే ఉండదు. ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్‌లో ప్రోటోకాల్ అన్న చోట మార్చితే చాలు. మీ ప్లాన్‌లో ఆ సౌకర్యం లేదంటే ఎఫ్‌టీపీనే రహస్యలిపిలో పంపే ‘ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్’ తప్పనిసరి అన్నది పెట్టుకోండి, దానికి పాసివ్ కావాలి. ఇంతవరకూ మామూలు ఎఫ్‌టీపీలో పంపారు కాబట్టి పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. నెట్ సెంటర్‌లో కూర్చుని పంపాల్సి వస్తే ఫైల్‌జిల్లాలో పాస్‌వర్డ్ సేవ్ చేయవద్దు. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకపోతే అది ఆ కంప్యూటర్‌లో దాదాపు తెరిచిన పుస్తకమే.

మీరు అడగలేదు కానీ చెబుతాను. ఒక్కో ఫొటో 4 ఎంబీ ఉంది. మీరు చెప్పిన 60 ఫొటోలూ కలిస్తే 240 ఎంబీ. అప్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, ఒక ఎంబీకి 8 మెగాబిట్లు) అయితే అంతా ఎక్కడానికి 16 నిమిషాలు, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే ఒక్కోటి 200 కేబీలో వస్తుంది, అన్నీ నిమిషంలో అయిపోతాయి. కొనేవాళ్ల ఫోన్‌లో కూడా త్వరగా తెరుచుకుంటుంది. కరెంటు పోయి సగంలో ఆగిన ఫొటో పైన సగం నూనె డబ్బా, కింద బూడిద రంగుగా కనిపిస్తుంది. మళ్లీ అన్నీ పంపక్కర్లేదు. ‘సైజు తేడా ఉంటేనే మార్చు’ అన్న ఆప్షన్ పెట్టి ఫోల్డర్ మొత్తం లాగి వదలండి, తెగినవే మళ్లీ వెళ్తాయి.

అంతా అయ్యాక ల్యాప్‌టాప్‌లో చూసుకుని సంతోషపడొద్దు. ఫోన్‌లో వైఫై ఆపి, సిమ్ నెట్ మీద సైట్ తెరవండి. ఇక ధర మార్చుకోవడానికి ఆ 500 ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: పేజీ మార్చి పంపాను, ‘ట్రాన్స్‌ఫర్ సక్సెస్‌ఫుల్’ అని వచ్చింది. సైట్‌లో పాతదే కనిపిస్తోంది. – ఒక విద్యార్థి, గుంతకల్లు

జవాబు: ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కు, బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ పోతుంది. అయినా రాకపోతే సర్వర్ వైపు కిటికీలో చూడు నాయనా. సైట్ ఫైళ్లు ఉండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉందేమో. ఫోల్డర్‌ను ఎత్తి ఫోల్డర్‌లో పడేస్తే అలాగే అవుతుంది. లోపలి ఫైళ్లను ఎంచుకుని పంపాలి. హోస్టింగ్‌లో క్యాషింగ్, అంటే పేజీల కాపీలు దాచుకోవడం, ఆన్ చేసుంటే అది కూడా ఖాళీ చెయ్యి.

ప్రశ్న: తాడిపత్రి గుడుల శిల్పాల ఫొటోలు కొన్నేళ్లుగా తీసి సైట్‌లో పెట్టాను. కంప్యూటర్ నిండిపోయింది. సర్వర్‌లో ఉన్నాయి కదా, ఇంట్లోవి తీసేయవచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తాడిపత్రి

జవాబు: వద్దు మాస్టారూ. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణస్వామి గుడి ఎక్కడికీ పోవు కానీ హోస్టింగ్ అకౌంట్ పోతుంది. గడువు దాటి రెన్యూవల్ కట్టకపోతే కొన్నాళ్లకు ఫైళ్లు తుడిచేస్తారు. ఫైల్‌జిల్లాలో సర్వర్ వైపు డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్ కూడా ఉండదు, పోయిందంటే పోయినట్టే. పైగా సైట్‌లో పెట్టినవి మీరు చిన్నవి చేసి పెట్టి ఉంటారు, రేపు పుస్తకం వేయాలంటే అచ్చుకు పనికిరావు. బయటి హార్డ్ డిస్కులు రెండు కొని ఒరిజినల్ సైజు ఫొటోలు రెండింటిలోనూ కాపీ చేయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. రెండూ తెరిచి, నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూశాకే కంప్యూటర్‌లోవి తీయండి.